తప్పిపోయిన రెండున్నర గుంటలు: భిన్నాల గుణకారాన్ని నేల మీద గీసి చూద్దాం

రెండున్నరను మూడున్నరతో గుణించమని ఏడో తరగతి పిల్లలకు లెక్క ఇస్తే చాలా నోట్‌బుక్కుల్లో ఒకే జవాబు కనిపిస్తుంది. రెండు మూళ్లు ఆరు, సగంలో సగం పావు, మొత్తం ఆరుంపావు. ఎక్కం తప్పలేదు, సగంలో సగం పావు అన్నదీ నిజమే, కూడికా సరిగ్గానే చేశారు. అయినా జవాబు తప్పు. రావాల్సింది ఎనిమిది ముప్పావు.

ఇక్కడ మనం ఎక్కువగా చేసే పని ఒకటుంది. "మిశ్రమ భిన్నాలను అట్లే గుణించొద్దు, ముందు అపక్రమ భిన్నాలుగా మార్చుకో" అని చెప్పి 5/2 × 7/2 వేయిస్తాం. పైన 35, కింద 4, అంటే 8¾. జవాబు సరిపోతుంది, పరీక్షలో మార్కు కూడా పడుతుంది. కానీ ముందు వేసిన పద్ధతి ఎందుకు కుదరలేదో ఆ పిల్లకు ఎవరూ చెప్పలేదు. ఆరుంపావుకూ ఎనిమిది ముప్పావుకూ మధ్య ఉన్న రెండున్నర ఎక్కడికి పోయిందన్న ప్రశ్న అట్లే మిగిలిపోతుంది. అడగని ప్రశ్న ఊరికే పోదు. అదే పిల్ల ఎనిమిదో తరగతికి వచ్చాక (a + b)² కు a² + b² అని రాస్తుంది. రెండూ ఒకే తప్పు అని నా గట్టి నమ్మకం. మొదటిసారి దొరికినప్పుడే బొమ్మ గీసి చూపిస్తే రెండోసారి రాదు.

ఆ బొమ్మను వైశాల్య నమూనా అంటారు. గుణకారాన్ని ఒక దీర్ఘచతురస్రంగా చూడటమే ఇందులో ఉన్న ఆలోచన. గుణించే సంఖ్యల్లో ఒకటి పొడవు, ఇంకోటి వెడల్పు, లోపలి స్థలమే లబ్ధం. నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల పిల్లలకు దీన్ని కొత్తగా నేర్పాల్సిన పని కూడా లేదు. ఇంట్లో రోజూ వినే మాటల్లోనే ఉంది. మన దగ్గర భూమిని ఎకరాలు, గుంటల్లో లెక్కేస్తారు. ఎకరానికి 40 గుంటలు. గుంట అంటే 121 చదరపు గజాలు, అంటే పదకొండు గజాల పొడవు, పదకొండు గజాల వెడల్పు ఉన్న చతురస్రం. అడుగుల్లో చెప్పుకుంటే 33 అడుగులకు 33 అడుగులు. పక్కా చతురస్రంగా ఊహించుకోగలిగే ఇంత మంచి కొలత చేతిలో ఉండగా, భిన్నాల పాఠానికి ఎక్కడివో బొమ్మలు వెతకడం ఎందుకు?

ఇప్పుడు ఒక చెలక, అంటే మెట్ట పొలం, అనుకుందాం. నిజం చెలకలు నాలుగు మూలలూ సమంగా ఉండవు. ఒకవైపు గట్టు వంకర తిరుగుతుంది, ఇంకోవైపు బండ అడ్డం వస్తుంది. లెక్క కోసం చక్కటి దీర్ఘచతురస్రమే అనుకుందాం. ఒక వైపు 82½ అడుగులు, ఇంకో వైపు 115½ అడుగులు. 33 అడుగులను ఒక కొలతగా పెట్టుకుంటే ఒక వైపు 2½ కొలతలు, ఇంకో వైపు 3½ కొలతలు. మన లెక్క ఇదే.

గళ్ల కాగితం మీద గీయండి. పొడవు వెంట మూడు కొలతల దగ్గర ఒక నిలువు గీత, వెడల్పు వెంట రెండు కొలతల దగ్గర ఒక అడ్డ గీత. చెలక నాలుగు ముక్కలైంది. పెద్ద ముక్క రెండుకు మూడు, అందులో ఆరు నిండు గుంటలు. దాని పక్కన నిలువుగా ఒక పట్టీ ఉంది, ఎత్తు రెండు కొలతలు, వెడల్పు అర కొలత. అది 2 × ½, అంటే ఒక గుంట. కింద అడ్డంగా ఇంకో పట్టీ, పొడవు మూడు కొలతలు, వెడల్పు అర కొలత. అది 3 × ½, అంటే గుంటన్నర. చివరికి మూలన చిన్న చతురస్రం, అరకు అర, అది పావు గుంట.

6 + 1 + 1½ + ¼ = 8¾

ఆరుంపావు రాసిన పిల్ల పెద్ద ముక్కనూ మూలముక్కనూ లెక్కపెట్టి, రెండు పట్టీలను వదిలేసింది. తప్పిపోయిన రెండున్నర అవే. గజాల్లోకి మార్చండి. రెండున్నర గుంటలంటే 302½ గజాలు. రెండు వందల గజాల ఇంటి ప్లాటు ఒకటి పోను ఇంకా నూరు గజాల పైన మిగులుతుంది. నోట్‌బుక్కులో చిన్న తప్పులా కనిపించేది నేల మీద ఇంటి జాగా అంత. ఇది తరగతిలో చెప్పి చూడండి, పిల్లలు వెంటనే లేచి కూర్చుంటారు. భూమి విలువ వాళ్లకు ఎవరూ చెప్పాల్సిన పనిలేదు.

ఇక దీని వెనక ఉన్న సూత్రం. పాఠ్యపుస్తకంలో విభాగ న్యాయం అన్న పేరుతో ఆరో తరగతిలోనే వస్తుంది. a × (b + c) = a × b + a × c. పిల్లలు దీన్ని వర్ణమాల లాగా అప్పజెప్పేస్తారు. 5 × (3 + 4) ఇస్తే రెండు వైపులా 35 వచ్చిందని చూపించి కింద 'నిరూపించబడినది' అని రాసేస్తారు. ఒక ఉదాహరణలో రెండు వైపులా సమానం వస్తే అది సరిచూడటమే అవుతుంది, ఎప్పుడూ అట్లాగే ఎందుకు వస్తుందో అందులో కనపడదు. బొమ్మలో కనపడుతుంది. ఒక పొలాన్ని మధ్యలో ఒడ్డు వేసి రెండు మడులు చేసినంత మాత్రాన నేల పెరగదు, తగ్గదు. రెండు మడుల విస్తీర్ణం కలిపితే మొత్తం పొలమే రావాలి. (ఒడ్డుకు పోయే నేలను పక్కన పెడితే. గణితంలో గీతకు వెడల్పు ఉండదు.) విభాగ న్యాయంలో ఉన్నది అంతే. ఆ ఒడ్డు నిండు అడుగు దగ్గర పడ్డా, ముప్పావు అడుగు దగ్గర పడ్డా ఒకటే. కనుక సూత్రం పూర్ణాంకాలకు ఎంత నిజమో భిన్నాలకూ అంతే నిజం. భిన్నాల కోసం వేరే రుజువు అక్కర్లేదు.

మన లెక్కలో అదే న్యాయం రెండుసార్లు పనిచేసింది. మొదట 3½ ను 3 + ½ గా విడదీశాం. చెలక రెండు ముక్కలైంది. తర్వాత 2½ ను 2 + ½ గా విడదీశాం. ఆ గీత రెండు ముక్కలనూ కోసింది కాబట్టి నాలుగయ్యాయి. రెండు సంఖ్యల్లోనూ రెండేసి భాగాలుంటే నాలుగు లబ్ధాలు ఎందుకు రావాలో ఇక్కడ తేలిపోతుంది. ఒక్కో వైపు మూడేసి భాగాలు చేస్తే తొమ్మిది వస్తాయి. కంఠస్థం చేయాల్సింది ఏమీ లేదు, ముక్కలు లెక్కపెట్టుకోవడమే.

ఇంతవరకు సులువే. అసలు చిక్కు మూలముక్క దగ్గర వస్తుంది. ఆ చిన్న చతురస్రం మీద వేలు పెట్టి "ఇది ఎంత?" అని అడగండి.

"అర, సార్."

"అర దేంట్ల?"

ఇక్కడ ఆగుతారు. పక్కనున్న పట్టీలో అది అరే కదా, పొడవు కూడా అరే కదా అని ఒకరు, కాదు పావు అని ఇంకొకరు. ఈ గొడవ జరగనివ్వాలి, తొందరపడి జవాబు చెప్పొద్దు. ఎందుకంటే భిన్నాల్లో ఉన్న కష్టమంతా "దేంట్ల?" అన్న ప్రశ్నలోనే ఉంది. మూలముక్క ఒక్కో అంచు అర కొలత, అంటే 16½ అడుగులు. అది పొడవు గురించి మాట. ఆ ముక్క వైశాల్యం పావు, దేంట్ల అంటే ఒక గుంటలో. గుంటను నిలువుగా ఒక గీత, అడ్డంగా ఒక గీత గీసి నాలుగు చేస్తే అందులో ఒకటి. పొడవును కొలిచే ఒకటి వేరు, స్థలాన్ని కొలిచే ఒకటి వేరు. మొదటిది 33 అడుగుల గీత, రెండోది 33కు 33 అడుగుల చతురస్రం. ఈ తేడా మనసుకు ఎక్కితే, భిన్నాన్ని భిన్నంతో గుణిస్తే జవాబు ఎందుకు ఇంకా చిన్నదవుతుందన్న పాత సందేహం కూడా తీరిపోతుంది.

హారాలను హారాలతో ఎందుకు గుణిస్తామో కూడా ఇక్కడే చూడొచ్చు. ⅔ × ¾ తీసుకుందాం. ఒక గుంటను గీసి, ఒకవైపు మూడు సమాన భాగాలు, ఇంకోవైపు నాలుగు సమాన భాగాలు చేయండి. గుంట మొత్తం 12 చిన్న గళ్లయింది. అందులో రెండు వరుసలు, మూడు నిలువులు తీసుకుంటే ఆరు గళ్లు. 6/12, అంటే అర గుంట. కింద గుణించినది గుంట ఎన్ని గళ్లయిందో చెబుతోంది, పైన గుణించినది మనం తీసుకున్న గళ్లెన్నో చెబుతోంది. అడుగుల్లో సరిచూసుకోవచ్చు. 33లో మూడింట రెండు వంతులు 22, నాలుగింట మూడు వంతులు 24¾. 22 × 24¾ అంటే 22 × 24 = 528, దానికి 22 × ¾ = 16½ కలిపితే 544½ చదరపు అడుగులు. గుంట 1089 చదరపు అడుగులు, దానిలో సరిగ్గా సగం. సరిచూడటానికి చేసిన గుణకారంలో కూడా విభాగ న్యాయమే వాడాం, గమనించారా?

ఇప్పుడు హారాలు వేరువేరుగా ఉన్న లెక్కకు వద్దాం. ఈ పాఠం మొత్తంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన చోటు ఇది. 1⅔ × 2¼. నాలుగు ముక్కలు గీద్దాం. 1 × 2 = 2. 1 × ¼ = ¼. ⅔ × 2 = 4/3. ⅔ × ¼ = 2/12. వీటిని కూడాలి. హారాలు ఒకటి, నాలుగు, మూడు, పన్నెండు. ఇక్కడే పిల్లలు పెన్ను కింద పెడతారు. క.సా.గు తీయాలి, సమాన భిన్నాలు రాయాలి, టెన్షన్. "దీనికంటే అపక్రమ భిన్నాలే నయం కదా సార్" అంటారు. 5/3 × 9/4 = 45/12 = 3¾, ఒక్క వరుసలో అయిపోతుంది. వాళ్లు అన్నది నిజమే, లెక్క త్వరగా చేయాలంటే అదే మేలు. అయితే బొమ్మను వదిలిపెట్టకుండా ఇంకొక్క పని చేయండి. పొడవు వైపు ప్రతి కొలతనూ నాలుగు భాగాలు, వెడల్పు వైపు ప్రతి కొలతనూ మూడు భాగాలు చేసి గీతలన్నీ చివరిదాకా పొడిగించండి. ఇప్పుడు దీర్ఘచతురస్రమంతా ఒకే సైజు చిన్న గళ్లతో నిండింది. ఒక్కో గడి గుంటలో పన్నెండో వంతు. పొడవు వెంట 9 గళ్లు, వెడల్పు వెంట 5 గళ్లు, మొత్తం 45.

ఆ 5, 9 ఎక్కడివి? 5/3 లో 5, 9/4 లో 9. అపక్రమ భిన్నాలుగా మార్చడమంటే ఈ గళ్లు గీయడమే. ఇక నాలుగు ముక్కల్లో గళ్లు విడివిడిగా లెక్కపెట్టండి. పెద్ద ముక్కలో 24, ఒక పట్టీలో 3, ఇంకో పట్టీలో 16, మూలన 2.

24 + 3 + 16 + 2 = 45

క.సా.గు అని వేరే తీయాల్సిన పని పడలేదు. గీతలు పొడిగించేసరికి అందరికీ సరిపడే హారం దానంతట అదే వచ్చింది. రెండు పద్ధతులూ ఒకే పొలాన్ని కొలుస్తున్నాయి. ఒకటి మొత్తాన్ని ఒకేసారి చిన్న గళ్లలో లెక్కపెడుతుంది, ఇంకోటి నాలుగు తునకలు చేసి లెక్కపెట్టి కలుపుతుంది. ఇది చూసిన పిల్లకు 'ఇదొక పద్ధతి, అదొక పద్ధతి, పరీక్షలో ఏది రాయాలి' అన్న బెంగ ఉండదు. అపక్రమ భిన్నాల పద్ధతిని ముందు నేర్పి, వైశాల్య నమూనాను 'అదనపు కృత్యం'గా చివర పెట్టడం నాకు నచ్చదు. బొమ్మ ముందు రావాలి. షార్ట్‌కట్ ఆ బొమ్మలోంచి పుట్టాలి.

ఇంకో అలవాటు గురించి కూడా చెప్పాలి. భిన్నాలంటే మనం వెంటనే గుండ్రటి రొట్టె గీస్తాం. సగం రొట్టె, పావు రొట్టె. భిన్నం అంటే ఏమిటో పరిచయం చేయడానికి, కూడికలకు అది బాగుంటుంది. గుణకారానికి వచ్చేసరికి రొట్టె పనికిరాదు, ఎందుకంటే దానికి పొడవు, వెడల్పు అని రెండు వైపులు లేవు. ఐదో తరగతి నుంచి రొట్టెతో పాటు పట్టీలు, చతురస్రాలు కూడా గీయిస్తూ ఉంటే ఏడో తరగతిలో ఈ ఇబ్బంది రాదు.

పావు గుంట దగ్గరకు మళ్లీ వెళ్దాం. దాని అంచు 16½ అడుగులని చెప్పుకున్నాం. 16½ × 16½ ఎంత? పాత అలవాటు ప్రకారం వేస్తే 16 పదహార్లు 256, సగంలో సగం పావు, మొత్తం 256¼. కానీ పావు గుంట అంటే 1089లో నాలుగో వంతు, 272¼ చదరపు అడుగులు. 16 చదరపు అడుగుల తేడా. బొమ్మ గీస్తే 16 × ½ పట్టీలు రెండు కనిపిస్తాయి, ఒక్కోటి 8 చదరపు అడుగులు. ఆ రెండు పట్టీలూ ఒకే కొలతవి. ఒకదాన్ని కత్తిరించి ఇంకోదాని పక్కన అతికిస్తే 16 అడుగుల పొడవు, ఒక అడుగు వెడల్పు ఉన్న నిండు పట్టీ అవుతుంది. అప్పుడు 16కు 16 చతురస్రం కాస్తా 16కు 17 దీర్ఘచతురస్రం అయ్యింది, మూలన పావు చదరపు అడుగు మిగిలింది. 16 × 17 = 272, ప్లస్ ¼. 'ఏ అరతో ఉన్న సంఖ్యకైనా వర్గం కావాలంటే, నిండు సంఖ్యను దాని తర్వాతి సంఖ్యతో గుణించి పావు కలుపు' అని చిట్కాలు చెప్పేవాళ్లు చెబుతుంటారు. 3½ కు 3 × 4 + ¼ = 12¼. 7½ కు 7 × 8 + ¼ = 56¼. చిట్కా పుట్టింది ఆ అతికించిన పట్టీలోంచి. 35 × 35 కు 3 × 4 = 12 వేసి వెనక 25 రాస్తే 1225 రావడానికీ కారణం అదే. 35 అంటే మూడున్నర పదులు కదా.

కలపడం అయింది, తీసివేతతో కూడా ఈ బొమ్మ పనిచేస్తుంది. కొన్నిసార్లు అట్లా చేయడమే సులువు. నాలుగు కొలతల పొడవు, మూడు కొలతల వెడల్పు ఉన్న భూమి అనుకోండి, 12 గుంటలు. పొడవు తగ్గేలా ఒక పక్క రోడ్డు వెడల్పుకు పావు కొలత పట్టీ పోయింది. వెడల్పు తగ్గేలా ఇంకో పక్క కాలువకు కొలతలో మూడో వంతు పట్టీ పోయింది. మిగిలిన భూమి 3¾ × 2⅔. ఎంత?

రోడ్డుకు పోయిన పట్టీ ¼ × 3, అంటే ముప్పావు గుంట. కాలువకు పోయినది ⅓ × 4, అంటే గుంటా మూడో వంతు. రెండూ కలిపితే రెండు గుంటలూ గుంటలో పన్నెండో వంతు. 12లోంచి అది తీసేస్తే పది గుంటలకు కొంచెం తక్కువ వస్తుంది. కానీ బొమ్మ చూడండి. రోడ్డు పట్టీ, కాలువ పట్టీ కలిసే మూల రెండిట్లోనూ ఉంది. ఆ మూలను రోడ్డు లెక్కలో ఒకసారి తీసేశాం, కాలువ లెక్కలో ఇంకోసారి తీసేశాం. లేని నేలను రెండోసారి తీసేయలేం కాబట్టి ఒకసారి వెనక్కి కలపాలి. ఆ మూల ¼ × ⅓ = 1/12 గుంట.

12 − ¾ − 1⅓ + 1/12 = 10

సరిగ్గా పది గుంటలు. 15/4 × 8/3 వేసి చూసినా 120/12, పదే. ఆ మూల పది గజాలకు కాస్త ఎక్కువ. పరిహారం లెక్కలో అంత నేల రెండుసార్లు పడితే ఇచ్చేవాళ్లో పుచ్చుకునేవాళ్లో కచ్చితంగా పట్టుకుంటారు. రుణాన్ని రుణంతో గుణిస్తే ధనం ఎందుకు అవుతుందని పిల్లలు అడిగినప్పుడు 'అది రూల్' అనడం తప్ప మన దగ్గర మంచి జవాబు తరచుగా ఉండదు. (4 − ¼)(3 − ⅓) విస్తరణలో చివరన వచ్చిన ప్లస్ ఆ జవాబుల్లో ఒకటి. రెండుసార్లు పోయిన మూలను ఒకసారి తిరిగి ఇవ్వడం వల్ల వచ్చిన ప్లస్ అది.

ఇదంతా కొత్తగా కనిపెట్టిన బోధనా పద్ధతి అనుకోవద్దు. క్రీస్తుపూర్వం 300 ప్రాంతంలో యూక్లిడ్ రాసిన ఎలిమెంట్స్ రెండో భాగం మొదటి ప్రతిపాదనే ఇది. ఒక గీతను ఎన్ని ముక్కలు చేసినా, మొత్తం మీద గీసిన దీర్ఘచతురస్రం ముక్కల మీద గీసిన దీర్ఘచతురస్రాల మొత్తానికి సమానమని అందులో ఉంది. అదే భాగంలో నాలుగో ప్రతిపాదన ఇవాళ మనం (a + b)² అని రాసుకునేది. అప్పటికి a, b లు లేవు, బొమ్మే ఉంది. మన దేశంలో 12వ శతాబ్దపు భాస్కరాచార్యుడు లీలావతిలో 135ను 12తో గుణించడానికి చూపిన దారుల్లో 12ను 8, 4గా విడదీసి, విడివిడిగా గుణించి కలపడం ఒకటి.

మళ్లీ మన ఊళ్లకు వస్తే, పిల్లలు రోజూ చూసే ఒక కాగితం మీద విభాగ న్యాయం దాక్కుని ఉంది. భూమి కాగితాల్లో 2.20 అని ఉంటే అది రెండు ఎకరాల ఇరవై గుంటలు, అంటే రెండున్నర ఎకరాలు. చుక్క చూసి దశాంశమనుకుని 2.2 ఎకరాలు అంటే తప్పు. ఆంధ్ర ప్రాంతంలో సెంట్లలో లెక్క, ఎకరానికి వంద సెంట్లు కాబట్టి అక్కడ ఆ చుక్క నిజంగానే దశాంశ బిందువు. మన దగ్గర చుక్కకు అటు ఎకరాలు, ఇటు గుంటలు, నలభై అయితే ఎకరం. ఇట్లాంటివి మూడు బిట్లు ఉంటే మొత్తం ఎంత? క్యాలిక్యులేటర్‌లో 2.20ని మూడుతో గుణిస్తే 6.60 వస్తుంది, దాన్ని అట్లే రాస్తే అర్థం లేదు. 3 × (2 ఎకరాలు + 20 గుంటలు) అంటే 6 ఎకరాలు, 60 గుంటలు. అరవైలో నలభై ఎకరంగా మారితే 7 ఎకరాల 20 గుంటలు. 3 × 2½ = 3 × 2 + 3 × ½ = 6 + 1½ అన్నదే ఇది. ఈ లెక్క చదువుకోని తాతలు కూడా నోటితో చేసేస్తారు. వాళ్లు చేసేది విభాగ న్యాయమేనని పిల్లలకు చెప్పాలి, అది వాళ్ల ఇంటి తెలివి అని తెలియాలి.

తిరిగి పంచడంలోనూ ఇదే నడుస్తుంది. ఆ 7 ఎకరాల 20 గుంటలు ముగ్గురు అన్నదమ్ములకు పంచాలంటే ఆరు ఎకరాలు ముందు పంచి తలా రెండు ఇస్తారు, మిగిలిన ఎకరం ఇరవై గుంటలను అరవై గుంటలు చేసి తలా ఇరవై ఇస్తారు. పంచే భూమిని ముక్కలు చేయొచ్చు. పంచుకునే సంఖ్యను మాత్రం ముక్కలు చేయకూడదు. 12 ÷ 1½ ను 12 ÷ 1, 12 ÷ ½ గా విడదీసి కలిపితే 36 వస్తుంది. అసలు జవాబు 8. కారణం బొమ్మలోనే ఉంది. వైశాల్యం 12, ఒక వైపు 1½ అయితే రెండో వైపు 8. వైపును 1, ½ గా విడదీసి రెండిటికీ విడివిడిగా పన్నెండేసి గుంటలు ఇస్తే నేల రెట్టింపైపోయింది.

ఈ నమూనాతో కుదరని చోట్లు లేకపోలేదు. మూడు సంఖ్యలను గుణించాలంటే కాగితం చాలదు, పెట్టె కావాలి. నిజమైన రుణ సంఖ్యలకు పొడవు ఉండదు కాబట్టి అక్కడ బొమ్మను అక్షరాలా తీసుకోలేం. సంఖ్యలు పెద్దవైతే స్కేలుకు గీయడం కుదరదు. అప్పుడు నాలుగు గదుల పెట్టె ఒకటి వేసి, పైన ఒక సంఖ్య భాగాలు, పక్కన ఇంకో సంఖ్య భాగాలు రాసుకుంటే చాలు. కొలత సరిపోకపోయినా గదులు నాలుగూ నిండాయా లేదా అన్నది తెలిసిపోతుంది. (a + b)² కు కూడా అదే పెట్టె. a², b² రాసి రెండు గదులు ఖాళీగా ఉంచిన పిల్లకు టీచరు చెప్పాల్సిన పని లేదు, ఖాళీ గదులే చెబుతాయి. వాటిలో ab, ab నింపితే 2ab ఎక్కడి నుంచి వచ్చిందన్న ప్రశ్నే ఉండదు.

తరగతిలో చేయాలనుకునే టీచర్లకు, ఇంట్లో చెప్పాలనుకునే తల్లిదండ్రులకు ఒక మాట. మొదట బడి గ్రౌండులో టేపు పట్టి 33 అడుగుల చతురస్రం కొలిచి, కబడ్డీ కోర్టుకు వేసినట్టే సున్నంతో గీయించండి. పిల్లలు అందులో నిలబడి గుంట ఎంతో కళ్లతో చూడాలి. దాన్నే ఒక నిలువు గీత, ఒక అడ్డ గీతతో నాలుగు చేసి పావు గుంటలో నిలబెట్టండి. తర్వాతే నోట్‌బుక్కు. లెక్కలు 1½ × 2, 1½ × 1½, 2½ × 3½ వరుసలో ఇవ్వండి. గుణించే ముందు జవాబు ఎంత ఉండొచ్చో అంచనా వేయించండి. 2½ × 3½ అన్నది 2 × 3 కంటే ఎక్కువ, 3 × 4 కంటే తక్కువ, అంటే ఆరుకూ పన్నెండుకూ మధ్య. అంచనా వేసిన పిల్లకు, రెండు వైపులా అరేసి పెరిగితే ఆరు కాస్తా ఆరుంపావే ఎట్లా అవుతుందని తనకే అనుమానం వస్తుంది. ⅔, ¼ లాంటి వేరువేరు హారాల లెక్కలను మొదటి రోజే ఇవ్వొద్దు. మూలముక్క "దేంట్ల" పావో పిల్లలంతా తడుముకోకుండా చెప్పగలిగాకే వాటిలోకి వెళ్లండి.